ఆటబల్లయొద్ద అతిథి

అతిథిని గౌరవించుటయందు మనకు మనమే సాటియని తఱచుగా చెప్పుకొందుము. ఇంటికి వచ్చినవానికి కాళ్లకు నీళ్లిచ్చి, పీటవేసి, కడుపునిండ పెట్టి పంపుట మన గృహములలో నేటికిని చెడని ఆచారమే. కాని యింటిలో అతిథిని గౌరవించుట యొకటి, సభలో గౌరవించుట మఱియొకటి. ఈ రెండవదానియందు మన నేర్పు ఎట్టిదో పక్షపాతము లేక విచారించినచో సంతోషింపదగినది అంతగా కనబడదు. ఆహ్వానపత్రములో సభ ఐదుగంటలకు. అతిథి వచ్చుట ఏడుగంటలకు. వేదికమీద పండ్రెండు కుర్చీలు. వానిలో కూర్చున్నవారిలో అతిథి వ్రాసిన పుస్తకమును చదివినవారు ఇద్దఱున్న గొప్ప. పూలదండలు, శాలువ, జ్ఞాపిక, ఛాయాచిత్రములు; పిమ్మట ఒకరి తరువాత ఒకరు లేచి ఆయనను సూర్యునితోను సముద్రముతోను పోల్చుట. తాను చేసిన కృషినిగూర్చి ఒక్క ప్రశ్నయైన వినకయే అతిథి కారెక్కి వెడలిపోవును. దండలు వేదికమీదనే వాడుచుండును.

ఇటీవల అమెరికాలో మా అమ్మాయి యింట కొన్నాళ్లుండుట తటస్థించినది. అచట ఇండియానాపొలిస్ నగరమునందు ఏటేట వేసవిలో జరుగు ఆటగాండ్ర సమ్మేళనమునకు ఆమె నన్ను తోడ్కొనిపోయినది. అచటికి వచ్చిన ఒక గౌరవ అతిథిని అభిమానులు ఎదుర్కొనిన విధము చూచిన పిమ్మట మన సభలనుగూర్చి నాలుగు మాటలు వ్రాయవలెనని బుద్ధి పుట్టినది. ఆ విధమును, దానివెనుకనున్న చరిత్రను చెప్పి, తుదకు మనకు పనికివచ్చుదానిని విన్నవించెదను.

ఆటలనగా ఇచట బంతియాటలు కావు. యంత్రముల తెరలమీద ఆడునవియు కావు. నలుగురో ఆరుగురో ఒక బల్లచుట్టు ఎదురెదురుగా కూర్చుండి, పటము, కాయలు, పాచికలు, అట్టముక్కలు ముందుంచుకొని ఆడు ఆటలు. మన చదరంగము, పచ్చీసు, వైకుంఠపాళి ఈ జాతివే. 1968 ఆగష్టులో విస్కాన్సిన్ రాష్ట్రమునందలి లేక్ జెనీవా యను చిన్న యూరిలో గ్యారీ గైగాక్స్ అను నతడు ఒక భవనమును 50 డాలర్లకు అద్దెకు తీసికొని, యుద్ధక్రీడలయందు అభిరుచిగల మిత్రులను పిలిచెను. వచ్చినవారు సుమారు నూఱుమంది. ఆ యూరి పేరునుబట్టియే ఆ కూటమికి జెన్‌కాన్ అను పేరు కలిగినది. అది పెరిగి పెరిగి మిల్వాకీ నగరమునకును, 2003లో ఇండియానాపొలిస్‌నకును మారినది. ఇపుడు నాలుగు దినములు జరుగును. 2024లో వచ్చినవారు 70 వేలకు పైబడిరి. మన తిరునాళ్లను చూచినవారికి ఈ సంఖ్య వింతకాదు. కాని ఇందఱును కూర్చుండి ఆడుటకే వచ్చిరనుట వింతయే.

చదువరులలో కొందఱికి ఇచట ఒక శంక కలుగవచ్చును. పాచికలనగానే మనకు కౌరవసభ జ్ఞప్తికి వచ్చును. ధర్మరాజు రాజ్యమును, తమ్ములను, తన్ను, తుదకు ద్రౌపదిని ఒడ్డి ఓడిన కథను చిన్ననాటినుండి వినినవారము. పేకముక్కలు ఇంట కనబడినచో పొయ్యిలో వేసిన తండ్రులు మన కుటుంబములలో ఎందఱో యుండిరి. వారి భయము నిష్కారణము కాదు. పొలములను, నగలను పేకాటలో పోగొట్టుకొనిన యిండ్లు ప్రతి తాలూకాలోను ఉన్నవి. కాని ఆ కొంపలు కూల్చినది పణము. పణమును తీసివేసినచో ఆటయందు మిగులునది బుద్ధికి సాధన, నలుగురితో కూడి గడపిన ప్రొద్దు. ఆ సమ్మేళనమున నేను చూచినంతవఱకు ఏ బల్లమీదను డబ్బు ఒడ్డినవారు లేరు. ఓడినవాడు గెలిచినవాని చేయి పట్టుకొని ఊపి, కాయలను సంచులలో సర్దుటకు తోడ్పడుచుండెను. గెలిచినవానికి దక్కినది అంతియే.

ఇక అతిథి సంగతి. ఆయన ఆటలు కల్పించు వృద్ధుడు. ఆయన పేరు ఆయన పెట్టెలమీద పెద్ద యక్షరములతోనే యున్నది. కాని ఒక బల్లయొద్ద చనువుగా జరిగిన మాటలను పత్రికకెక్కించుటకు నేను ఆయన యనుమతి తీసికొనలేదు గనుక ఇచట పేరు చెప్పను. ఆయనకొఱకు వేదిక లేదు, బాజాలు లేవు. అందఱి మెడలలో వ్రేలాడు బ్యాడ్జియే ఆయన మెడలోను ఉండెను; దాని క్రింద రంగు పట్టీ యొకటి మాత్రము హెచ్చు. కాని ఆయన రాకకు ముందు చేసిన యేర్పాటులను మా అమ్మాయి స్నేహితురాలు చెప్పగా వింటిని. ఆయనకు మోకాళ్లనొప్పి యని తెలిసికొని చేతులున్న కుర్చీని వెదకి తెచ్చిరి. చెవులు కొంచెము మందగించినవని తెలిసికొని రొదకు దూరముగా ఒక మూలబల్లను ఎన్నిరి. రెండు గంటలు కూర్చుండిన పిమ్మట ఒక గంట విశ్రాంతి యని కాగితముమీద వ్రాసి, ఆ గంటలో ఎవ్వరును ఆయనను పలుకరింపకుండ చూచుటకు ఒక పడుచును నియమించిరి. ఆమె కళాశాలలో చదువుకొను పిల్ల. జీతము లేదు, ఆయన ఆటలమీది ప్రేమచేత తానై వచ్చినది. అతిథికి ఏది సుఖమో ముందుగా కనుగొని సమకూర్చినవారు ఈ యభిమానులు.

పదిగంటలకు ఆయన వచ్చి కూర్చుండెను. అప్పటికే ముప్పదిమందికి పైగా వరుసతీరి యుండిరి. వారి చేతులలో దండలు లేవు, పెట్టెలుండెను. అవియు క్రొత్తవి కావు. అంచులు చిరిగినవి, మూలలు పగిలినవి, అంటుకాగితముతో అతుకువేసినవి. వాడిన పెట్టెను చూపుట అచట గౌరవము. ఒక యువకుడు తన పెట్టె తెఱవగా లోపల ఒక కాయకు బదులుగా చొక్కా గుండీ యొకటి యున్నది. అతిథి దానిని వ్రేళ్లతో పైకెత్తి, ‘‘ఇదేమి?’’ అని అడిగెను. ‘‘అసలు కాయను మా కుక్క మింగిందండీ. పన్నెండేళ్లయింది. ఈ గుండీతోనే ఆడుతున్నాం’’ అని అతడు చెప్పెను. ఆయన పకపక నవ్వి, పెట్టె మూతకు లోపలివైపున సంతకము చేసెను. వెలుపల చేసినచో చేతులు తగిలి చెఱగిపోవునట.

వృద్ధురాలొకతె యే పెట్టెయు లేక వచ్చినది. ఆమెకు సంతకము అక్కఱలేదు. భర్త పోయిన పిమ్మట ఇరుగుపొరుగువారు వారమునకొకనాటి సాయంకాలము తన యింట చేరి ఆయన కల్పించిన ఆట ఆడుచున్నారనియు, ఆనాడు మాత్రము తాను నలుగురికి వండుచున్నాననియు చెప్పిపోవుటకు వచ్చినది. ఆయన లేచి నిలుచుండి వినెను. మోకాళ్లనొప్పిగల మనిషి యని మఱచిపోకుడు.

నేను కనిపెట్టిన దింకొకటి. ఆయన ప్రతివానిని ‘‘మీరు ఎవరితో ఆడుతారు?’’ అని అడుగుచుండెను. ‘నా ఆట ఎట్లున్నది’ అని ఒక్కనినైన అడుగలేదు. కొందఱు అక్కతోననిరి, కొందఱు తాతగారితోననిరి, ఒకడు తాను పనిచేయు కర్మాగారమునందు రాత్రివంతు ముగిసిన తరువాత తోడిపనివారితో ననెను. తన చేతిపని ఏ యిండ్లకు చేరినదో, ఆ యిండ్లలో ఏమి చేయుచున్నదో వినుటయే ఆయనకు సన్మానము.

మధ్యాహ్నము ఆయనతో కూర్చుండి ఆడుటకు చీటీలు వేసి పేర్లు తీసిరి. మా అమ్మాయి పేరు వచ్చినది. నేను దాని వెనుక కుర్చీవేసికొని కూర్చుంటిని. బల్లచుట్టు అతిథిగాక నలుగురు. వారిలో పండ్రెండేండ్ల బాలిక యొకతె. ఆట ఆయన కల్పించినదే. పటముమీద నగరములకు దారులు వేసికొనవలెను. ఆట సగము నడచునప్పటికి ఆయన వేయదలచిన దారికి అడ్డముగా ఆ పిల్ల తన కాయను పెట్టినది. నేను ఉలికిపడితిని. మన యూరిలోనైనచో ప్రక్కనున్న పెద్దలు కన్నుగీటి, ‘పెద్దవారు, పోనిమ్ము’ అని పిల్లచేత కాయ తీయించి యుందురు. అచట ఎవ్వరును పెదవి కదపలేదు. ఆయన చిఱునవ్వు నవ్వి వేఱుదారి వెదుకుకొని, తుదకు మూడవవాడుగా నిలిచెను. గెలిచినది ఆ పిల్లయే.

అంతటితో పోలేదు. ఆ పిల్ల నియమముల పుస్తకము తెఱచి, ఒక నియమమునకు రెండర్థములు వచ్చుచున్నవనియు, తమ యింట దానినిగూర్చి తగవు పడుదురనియు చెప్పినది. ఆయన పుస్తకము చేతికి తీసికొని రెండుసార్లు చదివెను. ‘‘ఇది అచ్చయి చాలా ఏళ్లయింది. ఈ చిక్కు నాకు ఎవరూ చెప్పలేదు’’ అని జేబులోనుండి చిన్న పుస్తకము తీసి వ్రాసికొనెను. పిమ్మట ఐదుగురును కూడి ఆ నియమమును ఎట్లు వ్రాసిన బాగుండునో పది నిమిషములు చర్చించిరి. పొగడ్తకు వచ్చిన యతిథికి తప్పు చూపింపబడినది. దానిని ఆయన కానుకగా గైకొనెను. ఒకని కృషిని నిజముగా ఆదరించినవాడే అందులోని లోపమును చూడగలడు. చదువనివానికి లోపము కనబడదు, గుణమును కనబడదు.

ఆ సమ్మేళనమంతయు స్వర్గమని చెప్పుట నా యభిప్రాయము కాదు. నాలుగు దినముల ప్రవేశపు చీటీకే నూఱు డాలర్లకు మించును. అచట అమ్మకము మెండు. ఇంటికి మోసికొనిపోయి ఎన్నడును విప్పని పెట్టెలను కొనువారును కలరు. కాని హంస నీటిని విడిచి పాలను తీసికొనునని మనవారే చెప్పిరి గదా.

ఇంతకును, ఆట కల్పించినవానికి ఇంత యాదరమేల కలిగినది? ఇది యనాదిగా వచ్చినది కాదు. చాలకాలము ఆటలకు పేరే గాని కర్తకు పేరు లేదు. వడ్డీకిచ్చువారివలె ఇండ్లు, వీధులు కొని, అద్దెలు వసూలుచేసి, తోడివారిని దివాలా తీయించు మొనాపలీ యను ఆట మన యిండ్లలోని పిల్లలకును తెలిసినదే. దానికి మూలమైన ఆటను కల్పించినది ఎలిజబెత్ మాగీ యను స్త్రీ. ఆమె సంక్షిప్తలేఖకురాలుగా పనిచేసి పొట్టపోసికొనిన వ్యక్తి. భూమి కొందఱి చేతులలో చిక్కుటవలన పలువురు బీదలగుదురని హెన్రీ జార్జి చేసిన బోధను ఆటద్వారా జనులకు తెలుపవలెనని ఆమె తలచి, తన ఆటకు 1904లో పేటెంటు హక్కు పొందినది. దానికి రెండు విధముల నియమములు వ్రాసినది. ఒకదానిలో ఒక్కడే అంతయు మ్రింగును. రెండవదానిలో సంపద పెరిగినకొలది అందఱికిని పాలు దక్కును. ఆ ఆట ఇంటినుండి యింటికి, నోటినుండి నోటికి పోయి రూపుమారినది. 1935లో చార్లెస్ డారో అను నతని పేర అది పార్కర్ బ్రదర్స్ సంస్థకు చేరినది. అదే సంవత్సరము ఆ సంస్థ మాగీ హక్కును 500 డాలర్లకు కొనినది. అమ్మకములో ఆమెకు పాలు లేదు. రెండవ విధమైన నియమములు మఱుగుపడినవి, మొదటివి లోకమంతయు వ్యాపించినవి. 1948లో ఆమె కన్నుమూయునాటికి ఆటను కల్పించినవాడు డారోయే యని జనులెల్లరు నమ్మియుండిరి. 1970ల దశకములో రాల్ఫ్ అన్స్‌పాక్ అను అర్థశాస్త్రాచార్యుడు వేఱొక వ్యాజ్యముకొఱకు పాత కాగితములు త్రవ్వుచుండగా ఆమె పేరు మరల వెలికి వచ్చినది. అద్దెలు దండుకొనుటలోని అన్యాయమును చూపుటకు ఒక స్త్రీ చేసిన ఆట, ఆ స్త్రీకే అన్యాయము చేసి, అద్దెలు దండుకొనుటను సరదాగా నేర్పుచున్నది. ఇంతకంటె విపరీతము ఏమి కలదు?

జర్మనీలో ఆటలు కల్పించువారు ఈ స్థితిని సహింపలేదు. 1988లో న్యూరెంబర్గు నగరమున బొమ్మల సంత జరుగుచుండగా అలెక్స్ రాండాల్ఫ్, రైన్‌హోల్డ్ విట్టిగ్ మొదలగువారు కొందఱు ఒకచోట చేరిరి. పెట్టెమీద కర్త పేరు అచ్చువేయని ప్రకాశకునికి తామెవ్వరును ఆట నీయబోమని ఒక ప్రతిజ్ఞ వ్రాసి, అందఱును సంతకములు చేసిరి. వ్రాసినది ఏ తామ్రపత్రముమీదనో కాదు. పానపాత్ర క్రింద పెట్టు అట్టముక్కమీద. 1991లో వారు సంఘముగా ఏర్పడిరి. నాడు ఆ అట్టముక్కమీద పెట్టిన సంతకముల ఫలమే నేడు పెట్టెలమీద కర్తల పేర్లు కనబడుట. పేరు కనబడినపుడే గదా అభిమాని ఆ పేరుగలవానిని వెదకి పిలుచుట! గౌరవ అతిథి పుట్టుటకు ముందు పెట్టెమీద పేరు పుట్టవలసివచ్చినది.

జెన్‌కాన్ స్థాపించిన గైగాక్స్ కథయు వినదగినది. 1970లో అతని బీమాసంస్థ కొలువు పోయినది. పిమ్మట అతడు ఇంటియందు చెప్పులు బాగుచేసి సంసారమును ఈదెను. ఆ దినములలోనే డేవ్ ఆర్నెసన్ అను మిత్రునితో కలసి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అను క్రొత్తవిధపు ఆటను రూపొందించి 1974లో ప్రకటించెను. అందులో ఒకడు కథ చెప్పును. తక్కినవారు కథలోని పాత్రలై, తామేమి చేయుదుమో చెప్పుచుందురు. ఫలితమును పాచికలు నిర్ణయించును. మన బుఱ్ఱకథలో వంతలు మధ్యమధ్య ప్రశ్నలు వేసి కథను నడపినట్లు, ఇచట వినువారే కథను నడపుదురు. మొదట అచ్చువేసిన ప్రతులు వేయి మాత్రమే. చెప్పులు కుట్టిన చేతులే ఆ ఆటను వ్రాసినవి. ఆ సంగతిని ఆ దేశపు అభిమానులు దాచరు, గర్వముగా చెప్పుకొందురు. చెప్పులు కుట్టువానిని తరతరములు ఊరివెలుపల నిలిపిన మన సంఘము ఈ యొక్క విషయమును ఊరక విని విడువదగదు. అచటను న్యాయము దానంతటది నడచిరాలేదు. ఆర్నెసన్ తనకు రావలసిన ప్రతిఫలముకొఱకు 1979లో న్యాయస్థానమునకు పోవలసివచ్చెను. 1981లో రాజీ కుదిరినది. స్నేహితుల నడుమనే పేరుకును సొమ్ముకును తగవు వచ్చినపుడు, అపరిచితుల నడుమ చెప్పనేల?

ఇక మన సంగతి. ఆనాటి బల్లయొద్ద ఆట ముగిసిన పిమ్మట జరిగినది ఇంతవఱకు చెప్పలేదు. అతిథి నా వైపు తిరిగి, ‘‘మీరు ఏమి ఆడుతారు? ఎవరితో ఆడుతారు?’’ అని అడిగెను. వరుసలో నిలువని, పెట్టె తీసికొనిరాని ముసలిదానను నన్నును విడువలేదు. నేను మా అమ్మాయి చేతినుండి కాగితము తీసికొని నిలువున ఐదు, అడ్డమున ఐదు గళ్లు గీచి, నాలుగు వైపుల నడిమి గళ్లలోను మధ్యగడిలోను ఇంటూగుర్తులు వేసితిని. ఇది అష్టాచెమ్మా యని చెప్పితిని. గవ్వలు లేవు గనుక నాలుగు నాణెములతో చూపితిని. నాలుగును వెల్లకిల పడిన చెమ్మా, నాలుగు; నాలుగును బోర్లపడిన అష్టా, ఎనిమిది. ఎదుటివాని కాయను ఒక్కటియైన చంపక లోపలి వరుసలో అడుగుపెట్టరాదని మా యింటి నియమము. ఆయన నాతో ఒక ఆట ఆడెను. ఆ నియమమునుగూర్చి చాలసేపు ఆలోచించి, దానివలన ఎవ్వరును తమ దారిని తాము పోజాలరని, అందఱును ఒకరికొకరు ఎదురుపడియే తీరవలెనని మెచ్చుకొనెను. అఱువదియేండ్లుగా ఆడుచున్న నాకు ఆ మర్మము ఎన్నడును తోచలేదు.

‘‘దీన్ని ఎవరు చేశారు?’’ అని ఆయన అడిగెను. ఎవరో తెలియదంటిని. ‘‘మీకు ఎవరు నేర్పారు?’’ మా అమ్మమ్మ యంటిని. ‘‘ఆమె పేరు?’’

చదువరులారా! మా అమ్మమ్మ పేరు నన్ను ఎవరును అడిగినట్లు నాకు జ్ఞాపకము లేదు. మా యింటి దస్తావేజులలో ఆమె ‘ఫలానావారి భార్య’. తరువాతివానిలో ‘ఫలానావారి తల్లి’. వంటయింటి వెనుక వసారాలో నేలమీద సుద్దతో గళ్లు గీచి, చింతపిక్కలను రెండుగా చీల్చి, అరుగుమీద అరగదీసి, మాకు లెక్కలు నేర్పిన మనిషి ఆమె. కూడికలు, తీసివేతలు నేను బడిలో నేర్చుకొనలేదు, ఆ వసారాలో నేర్చుకొంటిని. ఆమె పేరు చెప్పితిని. ఆయన ఒక్కొక్క యక్షరమును అడిగి, ఆ పిల్ల చూపిన చిక్కును వ్రాసికొనిన పుస్తకములోనే, దాని క్రిందనే వ్రాసికొనెను.

మన ఆటలు సముద్రములు దాటినవి. పచ్చీసు అమెరికాలో పార్చీసీ యను వర్తకనామముతో 1874లో నమోదైనది. ఇంగ్లండులో దాని రూపాంతరమునకు లూడో యను పేర 1896లో పేటెంటు హక్కు పొందిరి. పాపపుణ్యములను బోధించు మన వైకుంఠపాళి పాములు, నిచ్చెనలు మాత్రమే మిగిలి పాశ్చాత్యుల పిల్లలకు వినోదమైనది. ఇపుడు ఆ లూడోయే మన బజారులకు తిరిగివచ్చి, తన పుట్టినింట క్రొత్తదానివలె అమ్ముడుపోవుచున్నది. పరులు దొంగిలించిరని దూరుటకు నేను ఈ సంగతి చెప్పలేదు. మనము కర్తల పేర్లు వ్రాసియుంచినచో దొంగిలింపబడినదని చెప్పుటకైన ఆధారముండెడిది. మనము వ్రాయలేదు. రాజులు ఆడిన ఆటలకు కొంత చరిత్ర మిగిలినది. ఆడువారు ఆడిన వామనగుంటలకు, అచ్చనగాయలకు, పశులకాపరులు బండలమీద గీచి ఆడిన పులిజూదమునకు ఏ చరిత్రయు వ్రాసినవారు లేరు. మన సన్మానసభలలో కనబడు లోపమునకు మూలము ఇచటనే యున్నది. పనిని చూడక పదవిని చూచు కన్ను, వేదికమీద ఉద్యోగిని గుర్తించును గాని వసారాలోని అమ్మమ్మను గుర్తింపదు.

దీనికి నివారణము వ్యయసాధ్యము కాదు. గ్రంథాలయములవారు, పాఠశాలలవారు ఇకమీద నెవరినైన ఆహ్వానించునపుడు ముందుగా ఆ యతిథి పనిని ఎఱిగిన పదుగురిని సమకూర్చికొనవలెను. దండలకు పెట్టు సొమ్ముతో ఆయన పుస్తకములు నాలుగు కొని, నెలదినములు ముందు పిల్లలచేత చదివింపవలెను. వేదికమీద కుర్చీలు తగ్గించి, ప్రశ్నలకు గంటసేపు కేటాయింపవలెను. ఒక బాలిక లేచి, ‘మీరు వ్రాసిన ఈ మాట నాకు సరిగా తోచలేదు’ అని వినయముగా అన్నచో అది అపచారమని గద్దింపక, ఆ సభకు అదియే అలంకారమని భావింపవలెను. అతిథి వృద్ధుడైనచో ఆయనకు కావలసినది శాలువయో, వీపుకు ఆనిక గల కుర్చీయో ముందుగా కనుగొనవలెను.

ఇండ్లలో చేయదగినది ఇంకను సులువు. వేసవి సెలవులలో పిల్లలచేత ఒక పుస్తకము కుట్టింపుడు. ఇంటి పెద్దలకు తెలిసిన ఆట ఒక్కొక్కటి ఎట్లాడుదురో అందులో వ్రాయింపుడు. ఎన్ని గుంటలు, ఎన్ని గింజలు, ఏది గెలుపు, ఏది ఓటమి, మీ యింటి నియమమునకును పొరుగూరి నియమమునకును భేదమేమి, అన్నియు వ్రాయవలెను. ప్రతి ఆట క్రిందను నేర్పినవారి పేరు, వారి యూరు, ఎవరి భార్యయో ఎవరి తల్లియో కాక వారి సొంత పేరు వ్రాయవలెను. పేరు తెలియనిచో నేడే తెలిసికొనుడు. అది చెప్పగలవారు ఇంకను కొందఱు మన నడుమ నున్నారు, వారును ముదుసళ్లే. అటకమీద వామనగుంటల పీట యున్నచో దింపి, దుమ్ముదులిపి, దానిని వాడిన చేతులెవరివో దాని వెనుకవైపున వ్రాయుడు. పిమ్మట గింజలు పోసి పిల్లలను ఎదుట కూర్చుండబెట్టుకొని ఆడుడు.